అరంగుళం టేకు
(పడవ మీద కాపురం, లాక్‌డౌన్ రోజుల్లో డెక్కు సంరక్షణ: విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, పడవపని నేర్చుకుంటున్న పిల్లలకు, చేపలరేవు నుంచి పని మానుకుని వచ్చిన వడ్రంగి అన్నలకు నమస్కారం. లాక్‌డౌన్ కాలంలో పడవ మీద ఎలా బతికారో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. బతకడం గురించి చెప్పవలసింది ఎక్కువ లేదు. బియ్యం, పప్పు, గ్యాసు బండ, మంచినీళ్ళు సమకూరితే ఇంట్లోనైనా పడవలోనైనా రోజు గడుస్తుంది. ఆ రోజుల్లో నా చేతులకూ నా మనసుకూ తెరిపి లేకుండా పని పెట్టింది మాత్రం మా పడవ టేకు డెక్కు, అంటే పడవ మీద మేము నడిచే, టేకు పరచిన పైతలం. దానిని కాపాడాలనే ఆరాటంతో మొదట నేనే దానికి నష్టం చేశాను. కాపాడే పద్ధతి ఆ తరువాత నేర్చుకున్నాను. ఆ రెండింటినీ దాచకుండా మీ ముందు పెడతాను.

మాది 38 అడుగుల తెరచాప పడవ, 1980 దశకంలో తైవాన్‌లో కట్టినది. ఆ కాలంలో అక్కడ తయారైన ఇలాంటి పడవల్లో చాలావాటికి ఫైబర్‌గ్లాస్ డెక్కు మీద టేకు పట్టీలు పరిచి స్క్రూలతో బిగించేవారు. మావారు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి విరమించాక దానిని పాతదిగా కొన్నారు. నేను కళాశాలలో రసాయనశాస్త్రం బోధించి విరమించాను. 2019 డిసెంబరులో ఎం.వి.పి. కాలనీలోని ఇల్లు అద్దెకిచ్చి, చేపలరేవు దాపున ఒక జెట్టీకి కట్టిన ఆ పడవలోకి కాపురం మార్చాము. మూడు నెలలు తిరిగేసరికి, 2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ వచ్చాయి. ముందు 21 రోజులన్నారు, ఆ పైన పొడిగిస్తూ పోయారు. అది గడవకముందే ఏప్రిల్ 15 నుంచి ఏటా ఉండే వేట నిషేధమూ మొదలైంది. మరబోట్లన్నీ ఒకదాని పక్క ఒకటి ఒరుసుకుంటూ నిలబడిపోయాయి. చెక్క సందులు పూడ్చే సీలెంట్ తెప్పించుకుందామంటే కొరియర్ లేదు, హార్డ్‌వేర్ దుకాణం తెరవలేదు. పడవలో ఉన్న సామానుతో, మాకు తెలిసిన పనితో సరిపెట్టుకోవాలి.

టేకు గురించి మీకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. మన ఇళ్ళలో సింహద్వారం టేకుదే కావాలని అప్పు చేసైనా తెస్తాం. ఆ చెక్కలో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి నీరు తొందరగా చొరబడదు, చెదపురుగు తొందరగా ముట్టదు. తడిసినా ఆరినా మిగతా కలపలంతగా ఉబ్బదు, కుంచించుకుపోదు. ఇనుము తగిలినా ఆ ఇనుమును తినివేయదు. ఓడలు కట్టేవారు దానిని ఏరికోరి తెచ్చుకున్నది ఈ గుణాలకోసమే. 1817లో బొంబాయిలో టేకుతో కట్టి నీటిలోకి దింపిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో ఇప్పటికీ నీటి మీద తేలుతూ ఉంది. మన గోదావరి అడవుల టేకు తెప్పలుగా నది మీదుగా దిగివచ్చేది. ఆ నది ముఖద్వారం దగ్గరి కోరంగిలో ఓడలు కట్టేవారు. 1839 నాటి తుపాను ఆ రేవును తుడిచిపెట్టింది. కేరళలోని నీలంబూరులో 1840 దశకంలోనే టేకు తోటలు వేయవలసి వచ్చిందంటే ఓడల కోసం అడవి అప్పటికే ఎంత కరిగిపోయిందో ఊహించుకోవచ్చు. డెక్కులకు మేలైనదిగా పేరుపడ్డ బర్మా టేకు విషయానికి వస్తే, 2014లో మయన్మార్ దుంగల ఎగుమతిని నిషేధించింది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, మా పడవ మీద ఉన్నటువంటి పాత అడవి టేకు అరిగిపోతే దాని స్థానంలో వేయడానికి అటువంటిది మళ్ళీ దొరకడం చాలా కష్టం.

డెక్కు కట్టుబడి ఎలా ఉంటుందో ముందు తెలియాలి, లేకపోతే తరువాతి మాటలు అర్థం కావు. దాదాపు 45 మిల్లీమీటర్ల వెడల్పు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీలను పక్కపక్కన పరుస్తారు. రెండు పట్టీల మధ్య 5 మిల్లీమీటర్ల సందు ఉంచి, ఆ సందును నల్లని రబ్బరులాంటి సీలెంటుతో నింపుతారు. పట్టీలో గుంట తొలిచి, స్క్రూ తలను ఆ గుంటలోకి దించి, పైన గుండ్రని టేకు బిరడాతో మూస్తారు. స్క్రూ మొన మాత్రం కింది ఫైబర్‌గ్లాస్‌లోకి దిగుతుంది. మా డెక్కు వైశాల్యం సుమారు 15 చదరపు మీటర్లు. పట్టీ, సందు కలిపి 5 సెంటీమీటర్లు అనుకుంటే, సందులన్నిటినీ కొసకు కొస కలిపితే 300 మీటర్లు వస్తుంది. పాతిక సెంటీమీటర్లకు ఒక స్క్రూ చొప్పున 1,200 స్క్రూలు. అంటే నీరు చొరకుండా ఉండడానికి వేసిన కప్పులోనే 1,200 రంధ్రాలున్నాయన్నమాట. వాటిని నీటి నుంచి కాపాడుతున్నది పైనున్న బిరడాలూ, 300 మీటర్ల సీలెంటూ, అరంగుళం కూడా నిండని చెక్కా. ఆ అరంగుళంలో ఒక్క మిల్లీమీటరు పోయినా బిరడా అంత పలచనవుతుంది. పలచబడిన బిరడా ఏదో ఒక ఎండాకాలంలో ఊడిపోతుంది. అక్కడి నుంచి నీరు స్క్రూ వెంట దిగి, ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య ఉండే బాల్సా చెక్కనో ప్లైవుడ్డునో నానబెట్టి కుళ్ళబెడుతుంది. డెక్కు సంరక్షణ అంటే ఆ మందాన్ని నిలబెట్టుకోవడమే, మెరుపు తెప్పించడం కాదు. ఇది నాకు మొదట తెలియలేదు.

మొదటి మూడు వారాల్లో నేను చేసిన పని ఇది. టేకును ఎండకు వదిలేస్తే పైపొర వెండిలాంటి బూడిదరంగుకు తిరుగుతుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చెక్కలో నారలను కలిపి ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విడగొట్టడం వల్ల ఆ రంగు వస్తుంది. అది కాగితమంత పలచని పొర, దాని కింద చెక్క చెక్కుచెదరకుండా ఉంటుంది. ఇల్లు కదలలేని ఆ రోజుల్లో, పొద్దున లేచి చూస్తే బూడిదరంగు డెక్కు నా కంటికి మాసిపోయిన ఇల్లులా కనిపించింది. క్షారంతో మురికిని కదిలించి, ఆమ్లంతో దానిని అణచి మెరుపు తెప్పించవచ్చు అనే సూత్రం తెలిసినదాన్ని కావడంతో, కాస్టిక్ సోడా పలచగా కలిపి పోసి, గట్టి బ్రష్షుతో చెక్క నార వెంబడి తోమి, ఆపైన ఆక్జాలిక్ ఆమ్లంతో కడిగాను. డెక్కు బంగారు రంగు తేలింది. జెట్టీ మీద కాపలా ఉండే కుర్రాడు వచ్చి, కొత్త పడవలా ఉందమ్మా అన్నాడు. ఆ మాటకు సంబరపడి మూడు వారాల్లో నాలుగుసార్లు అదే పని చేశాను.

నాలుగోసారి కడిగి ఆరాక, వంటగదిలోకి దిగే మెట్ల దగ్గర అరికాలికి ఏదో గరుకుగా తగిలింది. వంగి గోటితో అడ్డంగా గీసి చూశాను. దువ్వెన పళ్ళ మీద గీసినట్టు టకటకలాడింది. టేకుకు ఏటేటా ఒక వలయం ఏర్పడుతుంది. అందులో కొంత భాగం మెత్తగా, కొంత గట్టిగా ఉంటుంది. నేను పోసిన క్షారమూ, నార వెంట నడిపిన గట్టి బ్రష్షూ మెత్తని భాగాన్ని తవ్వి కడిగేశాయి, గట్టి భాగం గట్లుగా మిగిలింది. స్టీలు స్కేలును పట్టీకి అడ్డంగా నిలబెట్టి చూస్తే దాని కింద నుంచి వెలుగు గీతలు గీతలుగా కనిపించింది. సందుల్లోని నల్లని సీలెంటు చెక్కకంటే ఎత్తుగా నిలబడి ఉంది. సీలెంటు పైకి లేవలేదు, చెక్కే కిందికి దిగింది. ముప్ఫై ఏళ్ళ పాటు ఆమ్లాలు, క్షారాలు దేనిని ఎలా తింటాయో పిల్లలకు చెప్పిన నేను, నా కాళ్ళ కింది చెక్కను అవి తింటుంటే చూసి కూడా గుర్తించలేదు. ఆ రోజు చాలా బాధపడ్డాను. పోయిన చెక్క ఏం చేసినా తిరిగి రాదు.

ఆ సాయంత్రం పక్క మరబోటు మీద కాపలా ఉన్న ముసలి వడ్రంగి, మూతికి తువ్వాలు కట్టుకుని, జెట్టీ అవతలి నుంచే నాతో మాట్లాడాడు. తాతల నాటి నుంచి పడవలు కట్టే ఇంటి మనిషి. నేను రోజూ చేస్తున్నది చూస్తూనే ఉన్నాడట, చెబితే ఏమనుకుంటానోనని ఊరుకున్నాడట. “ఏటమ్మా, రోజూ అలాగ గీకేత్తంటే సెక్కేటి మిగుల్తాది? ఉప్పునీల్లు సల్లి ఒగ్గేయండి. సెక్కకి ఎండా ఉప్పూ అలవాటే, మందులే అలవాటు లేదు” అన్నాడు. నేను చదివిన పుస్తకాలన్నిటి కంటే ఆ మాట నాకు ఎక్కువ ఉపయోగపడింది. అందులో శాస్త్రం కూడా ఉంది. ఉప్పునీటిలో నాచు, బూజు అంత తేలికగా పెరగవు. పైగా ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి చెక్క ఎండకు పెళుసెక్కి పగలదు. మంచినీళ్ళతో కడిగిన డెక్కు మీద ఈ రెండూ ఉండవు. పడవ మీద మంచినీళ్ళు ఎలాగూ కొలిచి వాడుకోవలసినవే.

అయితే మన రేవులో ఒక చిక్కు ఉంది. బయట సముద్రంలో అయితే బకెట్ దించి తోడుకుని పోయవచ్చు. రేవు లోపలి నీటి మీద మరబోట్ల డీజిలు, నూనె తెట్టుగా తేలుతూ ఉంటాయి, ఆ నీరు పోస్తే చెక్క మీద మరకలు పడతాయి. అందుకని మేము ఉప్పునీటిని మేమే కలుపుకున్నాము. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఆ లెక్కన పది లీటర్ల బకెట్‌కు 350 గ్రాముల గళ్ళుప్పు వేసి, కరిగేదాకా కలిపి, బట్టలో వడగట్టి, తెల్లవారుజామున డెక్కంతా చల్లేదాన్ని. మా అమ్మ వాకిట్లో కళ్ళాపి చల్లిన తీరే నా చేతికి వచ్చింది. ఒకే చోట మడుగు కట్టకుండా, చేయి తిప్పుతూ, అంతటా సమంగా పడేటట్టు చల్లాలి. రోజూ అవసరం లేదు, వారానికి రెండుసార్లు చాలు. మురికి కనిపించిన చోట మెత్తని స్పాంజితో, ఎప్పుడూ చెక్క నారకు అడ్డంగానే రుద్దాలి. నార వెంబడి రుద్దితే బ్రష్షు వెంట్రుకలు మెత్తని భాగంలోకి దిగి దానిని తవ్వుకుంటూ పోతాయి, అడ్డంగా రుద్దితే గట్టి భాగపు గట్ల మీదుగా జారిపోతాయి. కారు కడిగే ప్రెషర్ పంపును మాత్రం డెక్కు దరిదాపులకు రానివ్వకండి. నేను మూడు వారాల్లో చేసిన నష్టాన్ని అది ఒక్క పూటలో చేస్తుంది.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న నూనె గురించి. ఇంటి తలుపుకు అవిసెనూనె పట్టిస్తాం, వార్నిష్ వేస్తాం, ఏళ్ళ తరబడి నిలుస్తుంది, మరి డెక్కుకు ఎందుకు వద్దంటున్నారని అడుగుతారు. తలుపు నీడలో నిలువుగా ఉంటుంది, దాని మీద నీరు నిలవదు, దాని మీద ఎవరూ నడవరు. డెక్కు మీద రోజంతా ఎండ కాస్తుంది. విశాఖ ఎండలో పై నుంచి పట్టించిన నూనె కొన్ని వారాల్లో గాలికి ఆక్సీకరణం చెంది జిడ్డుగా మారుతుంది, ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుంటుంది, వాన పడగానే ఆ పొర మీద నల్లని బూజు పడుతుంది. ఆ నలుపు పోగొట్టడానికి మళ్ళీ గట్టిగా తోమాలి, తోమితే మళ్ళీ చెక్క పోతుంది. వార్నిష్ వేస్తే ఇంకొక ప్రమాదం ఉంది. తడిసినా కాలు జారకుండా పట్టు ఇవ్వడం ఉత్త టేకు చెక్క గుణం. వార్నిష్ వేసిన డెక్కు మీద, పడవ ఒరిగినప్పుడు, తడికాళ్ళతో నడిచే మనిషికి ఆ పట్టు దొరకదు. చెక్కలో పుట్టుకతో ఉన్న నూనె వేరు, మనం పై నుంచి పూసేది వేరు. నా మట్టుకు నేను డెక్కుకు ఏమీ పూయను. ఆ బూడిదరంగే దానికి సహజమైన రంగు, ఇప్పుడు నా కంటికి అదే అందంగా కనిపిస్తుంది.

మే నెల మొదట్లో ఒక రాత్రి ఈదురుగాలితో వాన కొట్టింది. మేము పడుకునే చోట, సరిగ్గా దిండు మీద, చుక్క చుక్కగా నీరు పడసాగింది. ఊరంతా మూసి ఉన్న రోజుల్లో పడక కారితే వేరే ఎక్కడికి పోతాము? గిన్నె పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాము. చుక్క పడే చోటికి సరిగ్గా పైనే చిల్లు ఉంటుందని అనుకోవడం సహజం. డెక్కు విషయంలో అది దాదాపు ఎప్పుడూ నిజం కాదు. టేకుకూ ఫైబర్‌గ్లాస్‌కూ మధ్య దిగిన నీరు ఆ సన్నని ఖాళీలో పల్లం వెతుక్కుంటూ పోయి, దొరికిన మొదటి రంధ్రం దగ్గర దిగుతుంది.

దానిని పట్టుకునే ఉపాయం ఖర్చు లేనిది. ఉదయం ఎండ ఎక్కకముందు డెక్కంతా తడిపి, ఆరుతుండగా పక్కనే కూర్చుని చూడాలి. బాగున్న చోట్ల పట్టీలు ఒక్కసారిగా తేలికరంగుకు వస్తాయి. సీలెంటు చెక్కను వదిలేసిన చోట, ఆ సందు అంచు వెంట సన్నని ముదురు గీత మిగిలిపోతుంది. లోపలికి దిగిన నీరు మెల్లగా ఊరుతూ ఉండడం వల్ల అంతా ఆరాక కూడా అక్కడ తడి కనిపిస్తుంది. నేను సుద్దముక్క పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని, గీత కనిపించిన ప్రతిచోటా గుర్తు పెట్టాను. ఆ తరువాత స్క్రూడ్రైవర్ పిడితో పట్టీల మీద తట్టుకుంటూ పోయాను. గట్టిగా పట్టుకుని ఉన్న పట్టీ ‘టక్కు’మంటుంది, కింద విడిచిపెట్టినది పుచ్చు కొబ్బరికాయలా ‘డబ్బు’మంటుంది. మా దిండు మీద పడిన నీటికి మూలం దిండుకు మీటరున్నర దూరంలో, తెరచాప స్తంభం వైపు ఉన్న ఒక సందులో బయటపడింది. మొత్తం 300 మీటర్లలో చెడినది పదకొండు మీటర్లు మాత్రమే. అంతా పీకి కొత్తగా వేయించుకోవాలని కొందరు చెబుతారు. చెడినంత మేర బాగుచేసుకుంటే చాలునని నా అనుభవం. బాగున్న సందును పీకితే, పీకే పనిముట్టు చెక్క అంచును ఎంతో కొంత గాయపరుస్తుంది.

పాత సీలెంటు తీయడానికి తగిన పనిముట్టు మా దగ్గర లేదు. ముసలి వడ్రంగి తన పాత ఆకురాయి ఒకటి జెట్టీ మీద పెట్టి దూరంగా జరిగాడు. దాని పిడిలో దిగే తోకను గ్యాసు పొయ్యి మీద ఎర్రగా కాల్చి, మావారు కొక్కెంలా వంచి, చివర సందు వెడల్పుకు అరగదీశారు. దానిని సందులో దించి మన వైపు లాగితే పాత సీలెంటు నల్లని పాములా పొడుగ్గా లేచి వస్తుంది. గీతకు గుర్తు పెట్టిన చోట ఆగకుండా, రెండు వైపులా ఒక మూరెడు ఎక్కువ తీయాలి, ఎందుకంటే విడిచిపెట్టడం కంటికి కనిపించిన చోటుకు కాస్త ముందే మొదలవుతుంది. సందు గోడలకు అంటుకుని ఉన్న పలచని పొరను కూడా ఉలితో గీకి, కొత్త చెక్క తేలేదాకా శుభ్రం చేయాలి. టేకులోని సిలికా ఉలి పదునును చూస్తుండగానే తినేస్తుంది. మీటరుకు ఒకసారి సానరాయి మీదికి పోవలసి వచ్చింది. మామూలుగా అయితే సందు గోడల మీది నూనెను అసిటోన్‌తో తుడిచి ఆ వెంటనే సీలెంటు వేయాలి. అసిటోన్ దొరకలేదు. గోళ్ళరంగు తీసే ద్రవం వాడదామా అనుకున్నాను. సీసా మీద చదివితే అందులో నూనె కలిపి ఉంది, నూనె తీయడానికి నూనె పూసినట్టవుతుందని పక్కన పెట్టాను. దాని బదులు, గీకిన వెంటనే, చెక్కలోని నూనె మళ్ళీ పైకి ఊరకముందే నింపాలని నిశ్చయించి, ఒక్క పూటలో పూర్తిచేయగలిగినంత సందునే తెరిచాము.

ఇప్పుడు చెప్పబోయేది ఈ పనిలో అందరూ వదిలేసే భాగం. సందు అడుగున సీలెంటు అంటుకోకుండా ఒక సన్నని టేపు పరచాలి. అడుగున కూడా అంటుకుంటే ఇంకా గట్టిగా ఉంటుంది కదా అనిపిస్తుంది. కాని ఎండకు చెక్క కుంచించుకుని సందు వెడల్పయినప్పుడు, సీలెంటు సాగాలి. రెండు పక్కల గోడలను మాత్రమే పట్టుకుని ఉంటే అది రబ్బరు పట్టీలా హాయిగా సాగుతుంది. అడుగును కూడా పట్టుకుని ఉంటే సాగే వీలులేక, ఎక్కడో ఒక గోడను వదిలేస్తుంది, అదే నీటికి దారి. మన తీరంలో ఒకప్పుడు మేకులు లేకుండా కొబ్బరి తాడుతో కుట్టిన మాసూలా పడవలు నడిచేవి. అలలు విరిగే చోట ఆ పడవ పలకలు కుట్టు దగ్గర కొంచెం కదిలి దెబ్బను ఓర్చుకునేవి, మేకులతో బిగించిన పడవ అక్కడ పగిలేది. సందుకు కదిలే చోటు ఉండాలన్న సంగతి ఈ తీరంలో పడవలు కుట్టిన వారికి ఎన్నడో తెలుసు. మా దగ్గర అసలు టేపు లేదు కాబట్టి, పెట్టెలకు అంటించే గోధుమరంగు ప్యాకింగ్ టేపును స్టీలు స్కేలు వెంట బ్లేడుతో 5 మిల్లీమీటర్ల వెడల్పున చీల్చి వాడాను.

సీలెంటు ట్యూబులు రెండే ఉన్నాయి, రెండిటికీ గడువు దాటింది. గడువు దాటినది గట్టిపడకపోతే సందులో జిగురుగా ఉండిపోయి, ఉన్న దానికంటే ఎక్కువ చేటు చేస్తుంది. అందుకని ముందు ఒక్కొక్కదాని నుంచి కొద్దిగా చెక్కముక్క మీద పిండి, ఒక రాత్రి ఉంచి చూశాము. ఒకటి తోలు కట్టి రబ్బరులా సాగింది, రెండోది తెల్లవారాక కూడా వేలికి అంటింది. మొదటిది వాడి, రెండోది పారేశాము. పదకొండు మీటర్లలో అది ఆరు మీటర్లకే వచ్చింది. పడక మీది సందులకు దానిని వాడి, మిగతా వాటి మీద తాత్కాలికంగా టేపు అంటించి, జూన్‌లో కొరియర్ వచ్చేదాకా నెట్టుకొచ్చాము. నింపేటప్పుడు రెండు విషయాలు గమనించాలి. ఎండలో వేయకూడదు. చెక్క వేడెక్కుతున్నప్పుడు అందులోని గాలి వ్యాకోచించి సీలెంటులో బుడగలు కడుతుంది. సాయంత్రం, చెక్క చల్లబడే వేళ వేయాలి. రెండోది, గొట్టం ముక్కును సందు అడుగుకు ఆనించి అడుగు నుంచి పైకి నింపుకుంటూ రావాలి, పై నుంచి పూస్తే కింద గాలి చిక్కుకుంటుంది.

ఊడిన బిరడాల సంగతి కూడా చెప్పాలి. ఆ వేసవిలో తొమ్మిది ఊడాయి. స్క్రూ తీసి, గుంటను ఇంకొంచెం లోతు చేసి, కింది రంధ్రాన్ని ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుతో నింపి, పైన కొత్త బిరడా పెట్టాము. పట్టీలు ఇన్నేళ్ళుగా కింది ఫైబర్‌గ్లాస్‌కు అంటుకుని ఉన్న చోట స్క్రూ మళ్ళీ వేయవలసిన అవసరమే లేదు, రంధ్రం ఒకటి తగ్గడం మేలే. బిరడాను పెట్టేటప్పుడు దాని నార, పట్టీ నార ఒకే దిక్కుకు ఉండాలి, లేకపోతే రెండూ వేర్వేరు దిక్కులకు ఉబ్బి అంచు దగ్గర విడిపోతాయి. ఎపాక్సీ గట్టిపడ్డాక పైకి పొడుచుకు వచ్చిన భాగాన్ని ఒక్క ఉలి దెబ్బతో డెక్కుకు సమంగా కోసేద్దామని చేయి లాగుతుంది. అలా కొట్టకూడదు. ముందు ఎత్తులోనే ఒక చిన్న పొర తీసి, నార ఎటు వాలి ఉందో చూడాలి. నార కిందికి వాలిన వైపు నుంచి కొడితే బిరడా లోపలికి చీలి, గుంట పడుతుంది. మొదటి రెండూ నేను అలాగే పోగొట్టుకున్నాను. మూడో దానికి వడ్రంగి జెట్టీ మీద నుంచి చేత్తో దిక్కు చూపించాడు. ఆ తరువాత ఒక్కటీ చెడలేదు.

పక్కన ఇనుప పడవల మీద గ్రైండింగ్ జరిగితే ఆ ఇనుప రజను వచ్చి చెక్క మీద పడి, తేమకు తుప్పుపట్టి, నల్లని చుక్కలవుతుంది. వీటికి మాత్రం ఆక్జాలిక్ ఆమ్లం సరైన మందు. చుక్క మీదనే బ్రష్షుతో అద్ది, పావుగంట ఆగి, బాగా కడిగేయాలి, చేతికి తొడుగులు తప్పనిసరి. ఆ చుక్కల కోసం డెక్కంతా శాండ్ పేపరు పట్టించకండి. నేను పుట్టించిన గట్లను కూడా అరగదీయకుండా అలాగే ఉంచాను. నడకకు అవే కొంత సర్దుకున్నాయి.

ఆ వేసవిలో డెక్కుకు జరిగిన అన్ని మేళ్ళలోనూ పెద్దది నీడ. చిరిగిన పాత తెరచాప ఒకటి అడుగున చుట్టి ఉంది. చేతికుట్టు మిషను మీద దానిని అతికి, అంచులకు తాడు పోసి, స్తంభం నుంచి వెనక్కి పందిరిలా కట్టాము. అంతకుముందు పదకొండు గంటలకే డెక్కు మీద వట్టికాలు ఆనేది కాదు. పందిరి కింద మిట్టమధ్యాహ్నం కూడా చాప వేసుకుని కూర్చోగలిగాము. మనుషులకు హాయిగా ఉండడం అటుంచితే, సీలెంటును ముందుగా ముసలిదాన్ని చేసేది ఎండే. నీడ ఉంటే చెక్క పగలూ రాత్రీ మధ్య అంతగా కుంచించుకోదు, సందు అంతగా సాగదు. డెక్కు కోసం డబ్బు ఖర్చు చేయదలచుకున్న వారికి నేను మొదట చెప్పేది మంచి పందిరి బట్ట కొనమనే.

నాటి నుంచి ఏటా దసరాకు ముందు, హ్యాచ్ (డెక్కులోంచి లోపలికి దిగే ద్వారం) అంచు దగ్గర వెర్నియర్ కాలిపర్స్‌తో టేకు మందం కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాను. 2020 అక్టోబరులో ముందు భాగాన 9 మిల్లీమీటర్లు, నేను నాలుగుసార్లు క్షారం పోసిన మెట్ల దగ్గర ఏడున్నర. నిరుడు కొలిచినప్పుడు కూడా అవే అంకెలు వచ్చాయి. కుడిపక్క సందులు కొన్ని ఈ మధ్య ముదురు గీత చూపిస్తున్నాయి. వానలు రాకముందే వాటిని తెరవాలి. పడవపని నేర్చుకుంటున్న పిల్లల్లో ఎవరైనా ఆ పని దగ్గరుండి చూడదలిస్తే, వచ్చే ఆదివారం ఉదయం ఆరు గంటలకల్లా జెట్టీకి రండి. పాత ఆకురాయి ఎవరి దగ్గరైనా ఉంటే తెచ్చుకోండి, తోక వంచడం అక్కడే చూపిస్తాము. వట్టికాళ్ళతో రావాలి, చెప్పుల కింద ఇసుక ఉంటే చెక్కను గీస్తుంది.